తెలుగోళ్లు కాకుంటే చాలు

ఇల్లు మూలమూలలా దులిపి కడిగి తుడవడానికి నాలుగు వేలకు ఒక్క రూపాయి తక్కువ అవుతుందని కోడలు నీరజ ఫోన్లో చూసి చెప్పింది. భూదేవి ముందుగా ఆ ఒక్క రూపాయి సంగతి అడిగింది. దాన్నెందుకు వదిలేశారట? జాలిపడి వదిలేశారా, మరిచిపోయి వదిలేశారా? నీరజకు నవ్వొచ్చింది గాని భూదేవికి రాలేదు. డబ్బులు పోసి పరాయివాళ్ల చేత ఇల్లు ఊడ్పించుకోవడం ఆమె వంశంలో ఎవరూ ఎరగరు. పెళ్లయి సూరత్ వచ్చిన నాటి నుంచి చీపురు ఆమె చేతిలోనే ఉంది. ఈ రేటు లెక్కన చూస్తే తనకు ఎవరో బోలెడంత బాకీ ఉన్నారని ఆమెకు ఆ క్షణంలోనే తట్టింది. ఆ ఎవరో బాల్కనీలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పేరు బక్కయ్య, భూదేవి మొగుడు. మరమగ్గాలను అక్కడి మనవాళ్లు సాంచలంటారు. బతుకంతా ఆ సాంచల చప్పుడులో గడిపిన మనిషి కాబట్టి ఆయనకు సగం మాటలే వినపడతాయి. ఏ సగం వినాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

అయినా గత్యంతరం లేదు. వర్షాకాలంలో మెట్ల మీద నీళ్ల బకెట్‌తో సహా జారిపడి భూదేవి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గాని తడిబట్ట పిండొద్దు, బరువెత్తొద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. పండుగేమో నెత్తి మీదికి వచ్చింది. డిండోలిలో వాళ్ల సొసైటీలో ఉన్న తెలంగాణ ఆడవాళ్లంతా ఏటా ఒకరింట్లో కూర్చుని సద్దుల బతుకమ్మను పేర్చుకుని, కిందికి దింపి ఆడుకుంటారు. ఈసారి వంతు భూదేవిది. నట్టింట్లోకి సొసైటీ అంతా వస్తుంది. వాళ్లలో ఐలమ్మ కూడా ఉంటుంది. ఐలమ్మ కూర్చున్న చోటి నుంచి కదలకుండా మంచం కింద ఏముందో చెప్పగలదు. చెప్పి ఊరుకునే రకం కూడా కాదు.

అసలు బాధ మరొకటి ఉంది. భూదేవి ఇల్లంటే అద్దం అని మనవాళ్లలో ఒక పేరు. ఆ పేరు ఆమె వయసులో ఉన్నప్పుడు ఎముకలు అరగదీసుకుని సంపాదించింది. అటు తర్వాత మెల్లగా దాని మీద వచ్చే వడ్డీ తింటూ కాలం గడిపింది. ఫ్రిజ్ వెనక ఏముందో, గ్యాస్ పొయ్యి కింద ఏముందో ఆమెకూ ఆ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అడిగితే నేరమంతా విరిగిన చేతి మీదికి నెట్టేది. కానీ ఆ ఫ్రిజ్ వెనక మురికి వయసు ఆ కట్టు వయసు కంటే చాలా పెద్దది.

“సరే, పిలువు. గని ఒక్క మాట. వచ్చేటోళ్లు తెలుగోళ్లు కావద్దు,” అంది భూదేవి.

కంపెనీ ఎవరిని పంపుతుందో ముందుగా తెలియదనీ, ఎక్కువగా ఒడియావాళ్లో మరాఠీవాళ్లో వస్తారనీ నీరజ చెప్పింది. ఎవరైతే ఏముంది, పని బాగా చేస్తే చాలు కదా అని కూడా అంది. నీరజ సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇలాంటి విషయాల్లో లోతు తెలియదు.

“ఎవరైనా సరే. మనోళ్లు గాకుంటే సాలు. మనోళ్లయితె ఇల్లు కడిగి పోరు బిడ్డా, ఊరంత చాటి పోతరు.”

ఆ రోజు రానే వచ్చింది. కొడుకు సుమన్ తెల్లవారుతూనే హజీరా కంపెనీ బస్సెక్కాడు. బక్కయ్య కార్ఖానాకు వెళ్లాడు. నీరజ పర్వత్ పాటియా వైపు చీరల మార్కెట్లో ఒక సేఠ్ దగ్గర లెక్కలు రాస్తుంది. పని మొదలుపెట్టే ముందు వచ్చినవాళ్లకు చెప్పవలసిన ఓటీపీ నంబర్ కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్లిపోయింది. భూదేవి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇద్దరు వచ్చారు. ఒకాయన మురికి పీల్చే మిషన్ భుజాన వేసుకున్న ఒడియా మనిషి. రెండో మనిషి ఆడమనిషి. నీలం యూనిఫాం, నెత్తికి టోపీ, ముఖానికి మాస్క్, చేతులకు గ్లౌజులు. కళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆయన హిందీలో నమస్తే చెప్పి, నంబర్ అడిగి తీసుకున్నాడు. భూదేవి ప్రాణం లేచి వచ్చింది. తెలుగు ముక్క రాని మనుషులు. వీళ్లు ఫ్రిజ్ వెనక చూసినా, పొయ్యి కింద చూసినా ఒడియాలోనో మరాఠీలోనో నవ్వుకుంటారు. నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆ సంతోషంలో ఇద్దరికీ చాయ్ పెడతానని కూడా హిందీలో చెప్పింది.

ఆడమనిషి మాత్రం గడపలోనే ఆగిపోయింది. ఎదురుగా గోడ మీద భూదేవి అత్తామామల ఫోటో ఉంది, గంధం దండతో. ఆ మనిషి ఫోటో వంక చూసింది. గ్లౌజులు వేసుకున్న రెండు చేతులూ తమంతట తామే కలిసి, కళ్లకు తగిలి, కిందికి దిగాయి.

పరాయి ఇంటి ముసలివాళ్లకు ఎవరు దండం పెడతారు? భూదేవి కుర్చీలోంచి లేచి ఆ కళ్లను సరిగ్గా చూసింది. జమున. సొంత ఆడబిడ్డ. బక్కయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు.

తెలుగువాళ్లు వద్దనుకుంది. ఆ దేవుడు సూరత్‌లో ఉన్న లక్షల మందినీ వదిలేసి, ఏ కళ్లకు తన వంటిల్లు చూపించకూడదో ఆ కళ్లనే ఏరి పంపించాడు.

వీళ్లిద్దరి మధ్య మాటలు లేక ఆరేళ్లయింది. సుమన్ పెళ్లిలో బట్టలు పెట్టేటప్పుడు మొదలైంది తగువు. సూరత్‌లో చీరలు ఆకుకూర కంటే చవక అంటారు. భూదేవి మార్కెట్లో కట్టలకు కట్టలు కొని అందరికీ పెట్టింది. మిగతావాళ్లు బొట్టు పెట్టించుకుని చీర చంకలో పెట్టుకుని వెళ్లారు. జమున సాంచల ఇంట్లో పుట్టి, సాంచల ఇంట్లో మెట్టిన మనిషి. ఆమె చీర మడత విప్పి వెలుతురుకు పట్టి చూసింది. కుచ్చిళ్లు వచ్చే చోట పోగు తెగిన గీత ఒకటి అడ్డంగా పోయి ఉంది. దేశానికంతా చీరలు నేసే మా అన్నకు చెల్లెకు పెట్టడానికి డ్యామేజీ చీరే దొరికిందా అని నలుగురిలో అడిగింది. భూదేవి నిజంగానే చూడలేదు. చూడలేదని చెప్పి ఉంటే అక్కడితో పోయేది. కానీ పెళ్లికొడుకు తల్లి గదా, తల ఎక్కడ వంచుతుంది? మా ఇంట్లో తప్పులు పట్టడమే నీకు పని అని ఎదురు అనేసింది. జమున చీర కుర్చీ మీద పెట్టి, భోజనం చేయకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత బక్కయ్య ఇల్లు మారాడు. కొత్త ఇంటి గడప ఆడబిడ్డ తొక్కలేదు. ఏటా రాఖీ పున్నమికి బక్కయ్య ఏదో పని ఉందని బయటికి వెళ్లేవాడు, వచ్చేటప్పుడు చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుని వచ్చేవాడు. ఎక్కడో ఒక చాయ్ దుకాణం దగ్గర చెల్లెలి చేత రాఖీ కట్టించుకున్నాడని భూదేవికి తెలుసు. తెలియనట్టే అన్నం వడ్డించేది.

ఇప్పుడా ఆడబిడ్డ పుట్టింటి నట్టింట్లో బకెట్, బ్రష్ పట్టుకుని నిలబడింది. ఎవరిల్లో తెలియకనే వచ్చి ఉంటుంది. కంపెనీ ఫోన్లో కోడలి పేరు, ఫ్లాట్ నంబర్ తప్ప ఏముంటాయి? భూదేవి గుర్తుపట్టిందని జమునకు అర్థమైంది. అర్థమైందని భూదేవికీ తెలిసింది. ఇద్దరిలో ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లు ఓడినట్టు.

“మేడమ్, పహ్‌లే కిచెన్ కరేంగే,” అంది జమున. ముందు వంటిల్లు చేస్తామని.

“ఠీక్ హై,” అంది భూదేవి.

ఒకే మనిషికి ఒకతె చెల్లెలు, ఇంకొకతె పెళ్లాం. ఇద్దరికీ హిందీ అంతంత మాత్రమే. ఆ వచ్చీరాని హిందీలో ఇద్దరూ ఎన్నడూ ముఖం చూడనివాళ్ల లాగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒడియా మనిషి మిషన్ తీసుకుని బాల్కనీ జాలీల పనికి వెళ్లాడు. భూదేవి దొంగకు తేలు కుట్టినట్టు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చూస్తూ ఉండలేదు, వెళ్లిపోలేదు.

జమున పొయ్యి ఎత్తి పక్కన పెట్టింది. కింద ఏళ్ల తరబడి పొంగిన పాలు, చిందిన తాలింపు కలిసి నల్లగా బిళ్ల కట్టి ఉన్నాయి. జమున వంగి గరిటె లాంటి దానితో గీకడం మొదలుపెట్టింది. ఆ గీకుడు చప్పుడు భూదేవికి ఒక్కో తిట్టులాగా వినపడింది. తిట్టినా బాగుండేది. ఆ నోటికి జవాబు చెప్పడం ఆమెకు అలవాటే. ఈ మౌనానికి ఏం చెప్పాలో తెలియలేదు.

తర్వాత ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది జమున. భూదేవి అడ్డం వెళ్లి నిలబడింది. దాని వెనక అంతా శుభ్రంగానే ఉంది, జరపొద్దు అని హిందీలో చెప్పింది. జమున ఆమె వంక చూసి, అంతే మర్యాదగా, “ప్యాకేజ్ మే హై మేడమ్,” అంది. ఫ్రిజ్ వెనక ప్యాకేజీలో ఉందట. నాలుగు వేలు పోసి తన పరువును తానే ప్యాకేజీలో పెట్టుకుంది భూదేవి. ఫ్రిజ్ జరిగింది. వెనక దుమ్ము ఉంది, బొద్దింకలు ఉన్నాయి, ఎండిపోయిన కరివేపాకు, పక్కింటివాళ్ల పిల్లి పట్టుకుపోయిందని వాళ్లతో తగువు పెట్టుకున్న స్టీలు గిన్నె కూడా ఉన్నాయి. జమున ఆ గిన్నె కడిగి తుడిచి గట్టు మీద పెట్టింది.

ఇక భూదేవి తట్టుకోలేకపోయింది. ఎడమ చేత్తో పాతబట్ట అందుకుని పడక గదిలోకి నడిచింది. జమున చేరే లోపల మంచం కింద తానే తుడవాలని పట్టుదల. జమున వంటిల్లు ముగించి వచ్చేసరికి భూదేవి బీరువా కిందికి పాకింది. జమున బీరువా దగ్గరికి వస్తే ఈమె కిటికీకి పరుగెత్తింది. ఇద్దరూ ఇంటికి చెరో వైపు నుంచి తుడుస్తూ పోటీ పడ్డారు. బాల్కనీలోంచి చూస్తున్న ఒడియా మనిషికి ఏమీ అర్థం కాలేదు. డబ్బులిచ్చి పిలిపించుకుని, వచ్చినవాళ్ల కంటే ముందు ఇంటామె తుడవడం ఆయన ఎక్కడా చూసి ఉండడు.

అలా కిటికీ దగ్గరికి వచ్చిన భూదేవికి జమున కనిపించలేదు. చూస్తే, స్నానాల గదిలోకి ఒక బకెట్ వెళ్లింది. పక్కనే మరుగుదొడ్డి. జమున చేతిలో పొడుగు బ్రష్, సీసాలో నీలం మందు.

భూదేవి చేతిలో బట్ట అక్కడే జారిపోయింది. వంటింట్లో చూసిన మురికి వేరు. అది పరువుకు సంబంధించింది. ఇది వేరు. ఇంట పుట్టిన ఆడపిల్ల పండుగ వారంలో పుట్టింటికి వచ్చి, అన్న వదినెలు వాడే దొడ్డి కడగడమా? ఆడబిడ్డ ఉసురు ఊరికే పోదంటారు. ఉసురు మాట అటుంచినా, అది చూస్తూ నిలబడితే తాను మనిషే కాదనిపించింది. పరుగున వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది. బాత్రూమ్ వద్దు, అది వదిలేయండి అని హిందీలో చెప్పబోయింది. హిందీ రాలేదు.

“జమునా, ఆ బ్రష్ ఇటియ్యి.”

జమున చెయ్యి ఆగింది. కొళాయి కట్టేసింది. తర్వాత జమున మాస్క్ గడ్డం కిందికి లాక్కుంది. ఆరేళ్లలో చెంపలు లోపలికి పోయాయి.

“ఇప్పుడు యాదికొచ్చిందా వదినా నా పేరు? జరుగు. పైసలు తీస్కున్న, పని జెయ్యాలె. అయినంక ఫోటో దీసి పంపాలె, లేకుంటే నా కూలి కోస్తరు.”

“ఎంత కోస్తె అంత నేనిస్త.”

“నువ్వు ఇస్తె తీస్కుంటనా?”

భూదేవి తలుపు వదల్లేదు. ధర్మం చెబితే జమున వినదు, ప్రేమ చెబుదామంటే ఆరేళ్లుగా నోటికి అలవాటు తప్పింది. చివరికి మనసులో ఏముందో అదే వచ్చింది.

“నువ్వు ఇది కడిగితె, రేపటి సంది నేను దీంట్లకు ఎట్ల వోవాలె చెప్పు?”

జమున ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. భూదేవికి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి నవ్వు వచ్చింది. చప్పుడు విని ఒడియా మనిషి తొంగిచూశాడు. ఆయనకు భాష రాకపోయినా సంగతి కొంత అందినట్టుంది. జమున చేతిలో బ్రష్ తీసుకుని, బాల్కనీ పని ఆమెకు అప్పగించి, తానే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బాల్కనీలో గ్రిల్లు తుడుస్తూ జమున నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆమె భర్త పరుశురాం పనిచేసే కార్ఖానాలో సగం సాంచలు ఆగిపోయాయి. వారంలో మూడు రోజులే పని. ఇద్దరు పిల్లల చదువులు. ఈ కంపెనీలో చేరి ఏడాది కావస్తోంది. పొద్దున మామూలు చీరలో బయలుదేరి, ఆఫీసులో యూనిఫాం మార్చుకుంటుంది. వాడకట్టులో అందరికీ ప్యాకింగ్ పని అని చెప్పింది.

“అన్నకు చెప్పకు వదినా. చెల్లె ఇండ్లల్ల దొడ్లు కడుగుతుందని తెలిస్తె ఆయినె బువ్వ దినడు.”

ఆమె భయం అది. ఇంత సేపూ తన వంటింటి మసి ఎవరికి చెబుతుందో అని భూదేవి వణికింది. జమున కూడా అట్లాగే వణుకుతూ పొయ్యి గీకిందని ఇప్పుడు తెలిసింది. భూదేవికి తన మీద తనకే సిగ్గనిపించింది. చెప్పనని మాట ఇచ్చింది.

పని అయిపోయింది. ఒడియా మనిషి ఫోటోలు తీసుకుని మిషన్ కిందికి దించాడు. భూదేవి గబగబా కుంకుమ భరిణె, ఒక చీర తెచ్చింది. ఈసారి చీర మడత విప్పి వెలుతురుకు పట్టి చూసుకునే తెచ్చింది. జమున ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఈ బట్టల మీద వద్దు. ఇయ్యాల కూలికి వచ్చిన. ఆడబిడ్డగ రావాల్నంటే ఇంటికచ్చి బొట్టు వెట్టి పిలువుండ్రి. పిలిస్తె రానా?”

మాస్క్ పైకి లాక్కుని మెట్లు దిగింది. భూదేవి భరిణె పట్టుకుని గడపలో నిలబడింది. వెనక ఇల్లంతా నిజంగానే అద్దంలాగా మెరుస్తోంది. ఇల్లు అలకగానే పండుగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. ఆమెకు ఏమాత్రం సంతోషంగా లేదు.

సాయంత్రం నీరజ వచ్చి ఇల్లు చూసి మురిసిపోయింది. పని ఎలా ఉందో మార్కుల్లాగా కంపెనీవాళ్లు ఫోన్లో చుక్కలు పెట్టమంటున్నారు, ఎన్ని పెట్టాలని అడిగింది. ఎన్ని ఉంటే అన్నీ పెట్టమంది భూదేవి. రూపాయి దగ్గర బేరం చేసిన అత్తమ్మేనా అని నీరజ ఆశ్చర్యపోయింది.

బక్కయ్య కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, ఈసారి సద్దులకు జమునను పిలుద్దామా అని భూదేవి మెల్లగా అంది. చాలా మెల్లగా అంది. అయినా ఆ మాట ఆయనకు మొదటిసారికే వినపడింది. విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కుని, చెప్పులు వేసుకుని, ఇంకా లేవలేదేమని భార్యను చూశాడు. ఇద్దరూ ఆటో ఎక్కి పర్వత్ పాటియాలో జమున ఉంటున్న గది వెతుక్కుంటూ వెళ్లారు. జమున తలుపు తీసి అన్నను చూసి ఏడ్చింది. వదినను చూసి, పొద్దున కలవనే లేదన్నట్టు, ఆరేండ్లకు తొవ్వ దొరికిందా అని నిష్ఠూరమాడింది. భూదేవి తల వంచి బొట్టు పెట్టింది. ఈసారి తల వంచడం పెద్ద కష్టమనిపించలేదు.

సద్దుల రోజు వచ్చింది. తంగేడు, గునుగు పూలు ఊరి నుంచి వచ్చే బస్సులో మూటలుగా దిగాయి. బంతిపూలు ఇక్కడి మార్కెట్లో దొరికాయి. నట్టింట్లో చాపలు పరిచి ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు. జమున ఆకుపచ్చ పట్టుచీరలో, ఆడబిడ్డ హోదాలో, పళ్లెం ముందు కూర్చుని వరసలు పేరుస్తోంది. నీరజ పూలు అందిస్తోంది. ఐలమ్మ మాత్రం పూల దగ్గరికి రాలేదు. నీళ్లు తాగే మిషతో వంటింట్లోకి వెళ్లింది, చేతులు కడుక్కునే మిషతో స్నానాల గదిలోకి వెళ్లింది. వచ్చి తలుపు పైచట్రం మీద వేలు పెట్టి రుద్ది, వేలు చూసుకుంది. వేలు తెల్లగానే ఉంది. ఐలమ్మ ముఖం మాడిపోయింది.

విరిగిన చేత్తో ఇదంతా చేసుకున్నావా అని అడిగింది ఐలమ్మ. నీరజ ఉత్సాహం ఆపుకోలేక కంపెనీవాళ్లను పిలిచామని చెప్పేసింది. ఇక వరసగా ప్రశ్నలు మొదలయ్యాయి. ఎవరొచ్చారు, ఎంత తీసుకున్నారు, ఎంత సేపు చేశారు. వచ్చినవాళ్లలో సంధ్యారాణి అనే ఆవిడ తన ఇంటికీ కావాలని అప్పుడే ఫోన్ తీసింది. భూదేవి జమున వైపు చూడకుండా, ఎవరో హిందీవాళ్లు వచ్చారు, పేరు కూడా అడగలేదు అని చెప్పింది. చెప్పేసి ఊపిరి పీల్చుకుంది.

జమున చేతిలో తంగేడు కట్ట అట్లాగే ఆగింది. చుట్టూ కూర్చున్నవాళ్లను చూసింది, వదినను చూసింది. తర్వాత ఆ కట్టను వరసలో సరిచేసి పెట్టి తల ఎత్తింది.

“హిందీవాళ్లు గాదు. నేనే చేసిన. నాలుగు వేలకు రూపాయి తక్కువ. నంబర్ రాస్కో సంధ్యా, నేను చెప్త.”

నీరజ చేతిలోంచి బంతిపూలు చాప మీద పడ్డాయి. అప్పుడే బక్కయ్య ఇంకొక పూల మూట నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. భూదేవి ఆయన ముఖంలోకి చూసింది. ఏ సగం విన్నాడో తెలియలేదు. బక్కయ్య మూట దించి చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

“డ్యూటీ యాడయాడ వడ్తది? బస్సు దొరుకుతదా పొద్దుగాల?” అని అడిగాడు. కార్ఖానా గేటు దగ్గర ఒక పనివాడు ఇంకో పనివాణ్ని అడిగినట్టే అడిగాడు. దొరుకుతుందని జమున తల ఊపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గాని తుడుచుకోలేదు. చేతికి పుప్పొడి ఉంది.

ఐలమ్మ అంత సులువుగా వదిలే మనిషి కాదు. అన్న ఇంట్ల పని చేసి పైసలు తీస్కున్నవా అని నిలదీసింది.

“పనికి పైసలు తీస్కున్న, చుట్టరికానికి చీర తీస్కుంట. రెండు కలిపితె రెండూ ఖరాబైతయి అత్తా,” అంది జమున.

ఐలమ్మ ఒక్క క్షణం తగ్గింది. కానీ ఆమెకు అసలైన సంగతి అప్పుడే స్ఫురించింది. ముందుకు జరిగి, గొంతు తగ్గించి, గది మొత్తానికీ వినపడేటట్టు అడిగింది.

“పోనీ తియ్యి. మరి లోపట ఎట్లుండెనే? నువ్వయితె అబద్ధం చెప్పవు.”

నిజమే, ఒకరి తప్పు దాచిపెట్టి మాట్లాడడం జమునకు రాదు. పెళ్లిలో నలుగురిలో చీర విప్పి చూపిన మనిషి. భూదేవికి పొయ్యి కింద నల్లటి బిళ్ల, ఫ్రిజ్ వెనక బొద్దింకలు ఒక్కొక్కటిగా కళ్ల ముందు నిలిచాయి. వయసంతా ధారపోసి సంపాదించిన పేరు ఇప్పుడు ఆ నోట్లో ఉంది. జరిగితే జరగనీ అని కళ్లు దించుకుంది. తాను చెప్పవలసిన మాట ఆరేళ్ల కింద చెప్పలేదు. ఇప్పుడు అడ్డుపడే హక్కు లేదు.

జమున ఇంకొక పువ్వు తీసుకుంది. కాడ సరిచూసుకుంది.

“ఎట్లుంటది? వదిన ఇల్లు అద్దమేనాయె. ఇరిగిన చేతితోటి సుత ఒక్క మూలకు దుమ్ము పట్టనియ్యలే. నాకు ఉత్తగనే పైసలు వచ్చినయి.”

అని మళ్లీ పూలలోకి వంగింది. సంధ్యారాణి నంబర్ రాసుకుంది, ఇంకా ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు. ఐలమ్మ మాత్రం రాసుకోలేదు. భూదేవికి కళ్లు మసకబారాయి. జమున ఆ రోజు చేసిన ప్రతి పనికీ రేటు ఉంది, ఈ ఒక్క అబద్ధానికి మాత్రం ఏ ఫోన్లోనూ రేటు దొరకదు. ఇంత ప్రేమ ఈ నోట్లో ఇన్నాళ్లూ ఎక్కడ ఉందో, తాను ఎందుకు అడగలేదో అనుకుంది.

లేచి వంటింట్లోకి వెళ్లింది. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల పళ్లెం తెచ్చి, పెద్దమనిషని ముందుగా చెయ్యి చాచిన ఐలమ్మను దాటిపోయి, మొదటి ముద్ద జమున నోటికి అందించింది. జమున చేతులకు పుప్పొడి ఉంది కాబట్టి నోరు తెరిచింది. మిగతావాళ్లు వాళ్ల వంతు వచ్చేదాకా కూర్చున్నారు.